ఒంగోల్లో తాగేనీళ్ళు: కుళాయా, క్యానా, ఆర్వోనా?

ఒంగోలుకి కొత్తగా కాపురం వచ్చినవాళ్ళు ఎవరైనా సరే, గ్యాసు బండ సంగతి కంటే ముందు అడిగేది ఇదే, ఇక్కడ తాగేదానికి నీళ్ళు ఎట్టా అండీ అని. పక్కింటి పిన్నిని అడిగితే మేము ఎన్నేళ్ళ నించో కార్పొరేషన్ నీళ్ళే తాగుతున్నాం మాకేమయింది అంటది, ఎదురింటి మాస్టారేమో ఆర్వో (నీళ్ళల్లో కరిగిన లవణాలు తీసేసే మిషను) లేకుండా ఈ ఊళ్ళో ఎట్టా బతుకుతారండీ అంటారు, మేడ మీద రూములో ఉండే కుర్రాళ్ళు క్యాను వేయించుకోండన్నా గొడవే ఉండదు అని ఆటో అతని నంబరు ఇచ్చేస్తారు. ముగ్గురిలో ఎవరూ అబద్ధం చెప్పట్లేదు. పిన్ని వాళ్ళకి పాత కుళాయి కనెక్షన్ ఉంది, మాస్టారి ఇంట్లో బోరు ఒక్కటే, కుర్రాళ్ళేమో పొద్దున పోతే రాత్రికి గానీ రారు, వాళ్ళు తాగేదే రోజుకి నాలుగు లీటర్లు. ఎవరి నీళ్ళు వాళ్ళవి, ఎవరి అవసరం వాళ్ళది.

అందుకే నేను చెప్పేదొకటే, ఏ కంపెనీ మిషను మంచిది అని అడగబోయే ముందు మీ ఇంటికొచ్చే నీళ్ళు యాడి నించి వస్తున్నాయో కనుక్కోండి. అది తెలిస్తే సగం మందికి ఆర్వోనే అక్కర్లేదని తేలిపోతది, మిగతా సగానికి ఆర్వో ఉన్నా దాన్ని సరిగ్గా పెట్టించుకోలేదని తేలిపోతది.

ముందు కుళాయి సంగతి. ఒంగోలు టౌనుకి వచ్చేది ముఖ్యంగా నాగార్జున సాగర్ కుడి కాలువ నీళ్ళు, రామతీర్థం రిజర్వాయరు మీదుగా వచ్చి సమ్మర్ స్టోరేజి ట్యాంకుల్లో నిలవ పెట్టి, ఫిల్టర్ చేసి, క్లోరిన్ కలిపి వదులుతారు. గుండ్లకమ్మ మల్లవరం రిజర్వాయరు కూడా టౌను తాగునీటికి అని కట్టిందే, కాకపోతే దాని గేటు 2022లో ఒకసారి, 2023 డిసెంబరు తుపానప్పుడు ఇంకోసారి కొట్టుకుపోయి నీళ్ళన్నీ సముద్రంపాలు కావడం మనందరం చూసిందే. సరే, ఏదైనా ఇది నది నీళ్ళు, అంటే ఉప్పు తక్కువ, ఫ్లోరైడ్ భయం పెద్దగా లేదు. ఈ నీళ్ళతో వచ్చే ఇబ్బంది ఉప్పు కాదు, మురికీ సూక్ష్మక్రిములూ. ఎందుకంటే మనకి కుళాయి ఇరవై నాలుగ్గంటలూ రాదు, రోజు మార్చి రోజు వస్తది, ఎండాకాలం అయితే ఇంకా లేటవుతది. నీళ్ళు ఆగిపోయినప్పుడు పైపు ఖాళీగా ఉంటది గదా, అప్పుడు ఎక్కడైనా లీకు ఉంటే పక్కనున్న కాలువ నీళ్ళు లోపలికి ఊరతాయి. మళ్ళీ నీళ్ళు వదిలినప్పుడు ఆ చెత్తంతా మొదటి ఐదు పది నిమిషాల్లో వచ్చేస్తది. కాబట్టి కుళాయి రాగానే బిందె పెట్టకండి, ముందొచ్చేవి మొక్కలకో బాత్రూముకో పట్టుకుని, నీళ్ళు తేటపడ్డాకే సంపులోకి వదలండి.

ఇంకో మాట, కొంచెం కటువుగానే చెప్తాను, కార్పొరేషన్ కుళాయికి డైరెక్టుగా మోటరు బిగించుకునేవాళ్ళు మన వీధుల్లో తక్కువేం లేరు. అది రూల్సుకి విరుద్ధం అనేది ఒకటి, ఆ మోటరు లాగే లాగుడికి లీకుల్లోంచి మురుగు కూడా లాక్కొస్తది అనేది రెండోది. మీరు లాగింది మీ సంపులోకే వస్తది మరి, చివరి ఇంటికి నీళ్ళందకపోవడం ఎట్టాగూ ఉంది.

కుళాయి నీళ్ళల్లో క్లోరిన్ వాసన వస్తోందని కొందరు క్యానుకి మారిపోతారు. నిజానికి ఆ వాసన కొద్దిగా ఉండాలి, చివరి ఇంటి కుళాయి దగ్గర కూడా లీటరుకి 0.2 మిల్లీగ్రాములన్నా క్లోరిన్ మిగిలి ఉండాలని మన దేశపు తాగునీటి ప్రమాణం, ఐఎస్ 10500 అంటారు, అందులోనే ఉంది. అసలు వాసనే రాకపోతే అప్పుడు అనుమానపడాలి. మూత తీసిన గిన్నెలో కాసేపు ఉంచితే ఆ వాసన పోతది, ఆ తర్వాత వడగట్టి కాచుకోండి. నీళ్ళు తెర్లడం మొదలెట్టాక ఒక నిమిషం పాటు బాగా మరగనిస్తే చాలు, పావుగంట మరిగించి గ్యాసు తగలెయ్యక్కర్లేదు.

ఇప్పుడు బోరు. మంగమూరు రోడ్డు, పేర్నమిట్ట, ముక్తినూతలపాడు, వెంగముక్కపాలెం వైపు కొత్తగా కట్టిన ఇళ్ళల్లో, అపార్టుమెంట్లలో చాలా చోట్ల బోరే ఆధారం, కుళాయి ఉన్నా అది సంపులో బోరు నీళ్ళతో కలిసిపోతది. ఈ కలవడం సంగతి ఎవరూ పట్టించుకోరు. ఇవాళ సంపులో సగం సాగర్ నీళ్ళు ఉంటాయి, నాలుగు రోజులు కుళాయి రాకపోతే మొత్తం బోరు నీళ్ళే, మీరు మాత్రం ఒక్కసారి టెస్టు చేయించి అదే రీడింగు పట్టుకుని మిషను కొంటారు. ఎండాకాలం ఒకసారి, వానలు పడ్డాక ఒకసారి చూస్తే గానీ మీ నీళ్ళ సంగతి అర్థం కాదు. ఇక తూర్పు వైపు, కొత్తపట్నం దారిలో సముద్రం దగ్గర పడేకొద్దీ బోర్లు ఉప్పగా ఉంటాయి, అది నాలిక మీద వేసుకుంటేనే తెలిసిపోతది, దానికి మీటరు కూడా అక్కర్లేదు.

పడమటి వైపు కథ వేరు. కనిగిరి, పామూరు, పొదిలి, దర్శి, కొనకనమిట్ల, అట్టా పైకి పోతే ఫ్లోరైడ్. నెల్లూరు జిల్లాలో ఉదయగిరి వైపు కూడా ఇదే బాధ. ఇది ఇవాళ్టిది కాదు, మన దేశంలో ఫ్లోరోసిస్, అంటే ఫ్లోరైడ్ వల్ల పళ్ళూ ఎముకలూ పాడయ్యే జబ్బు, మనుషుల్లో ఉందని మొదటగా 1937లో షార్ట్ అనే డాక్టరూ ఆయనతో పనిచేసినవాళ్ళూ రాసింది అప్పటి నెల్లూరు జిల్లా గురించే, అప్పటికి కనిగిరి, పొదిలి, దర్శి అన్నీ నెల్లూరు జిల్లాలోనే ఉండేవి, 1970లో గదా మన జిల్లా ఏర్పడింది. అంటే మన తాతల కాలం నించీ తెలిసిన జబ్బు. ఐఎస్ 10500 ప్రకారం ఫ్లోరైడ్ లీటరుకి 1 మిల్లీగ్రాము దాకా మంచిది, వేరే దారి లేకపోతే 1.5 దాకా ఒప్పుకుంటారు, అది దాటితే ముందు పిల్లల పళ్ళ మీద గోధుమరంగు చారలు, ఏళ్ళ తరబడి ఇంకా ఎక్కువ తాగితే నడుం వంగడం, మోకాళ్ళు పట్టేయడం. అసలు చిక్కేందంటే ఫ్లోరైడ్‌కి రుచి లేదు, రంగు లేదు, వాసన లేదు. తియ్యగా ఉండే బావి నీళ్ళల్లో కూడా ఉంటది. మరిగిస్తే పోదు, పైగా నీళ్ళు ఆవిరై తగ్గిపోయి ఉన్న ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడతది. పటిక తిప్పినా, చిల్లగింజ అరగదీసి కలిపినా నీళ్ళు తేటపడతాయే గానీ ఇంట్లో అట్టా చేసుకుంటే ఫ్లోరైడ్ సరిగ్గా దిగిందో లేదో చెప్పలేం. వెలిగొండ ప్రాజెక్టు నీళ్ళొస్తే ఆ మండలాల బాధ తీరతదని 1996లో శంకుస్థాపన అయినప్పటి నించీ వింటున్నాం, వచ్చినప్పుడు వస్తాయి, ఈలోపు పిల్లల పళ్ళు ఆగవు గదా.

టీడీఎస్ మీటరు గురించి ఇక్కడే చెప్పాలి. ఆన్‌లైన్లో రెండు మూడొందలకి దొరికే పెన్ను లాంటి మీటరు ఇప్పుడు ప్రతి వీధిలో ఒకళ్ళ దగ్గరన్నా ఉంది, అడిగితే ఇస్తారు, కొనక్కర్లేదు. కానీ అది చూపించేది నీళ్ళల్లో కరిగి ఉన్న లవణాల మొత్తం ఒక్కటే, అదీ నీళ్ళల్లో కరెంటు ఎంత పారుతోందో చూసి వేసే అంచనా. 500 లోపు ఉంటే మంచిది, వేరే నీళ్ళు లేకపోతే 2000 దాకా అని ప్రమాణం. దాంట్లో ఫ్లోరైడ్ ఎంత, నైట్రేటు ఎంత, క్రిములు ఉన్నాయా లేవా అనేది ఆ మీటరుకి తెలీదు. టీడీఎస్ 300 చూపించిన నీళ్ళల్లో డ్రైనేజీ కలిసి ఉండొచ్చు, 600 చూపించిన నీళ్ళల్లో ఫ్లోరైడ్ 3 ఉండొచ్చు. పూర్తిగా తెలియాలంటే ల్యాబే. ఆర్‌డబ్ల్యూఎస్ వాళ్ళ, అంటే గ్రామీణ నీటి సరఫరా శాఖవాళ్ళ, నీటి పరీక్ష ల్యాబులు ఉన్నాయి, జలజీవన్ మిషన్ వచ్చాక మామూలు జనం కూడా కొద్దిపాటి ఫీజు కట్టి శాంపిల్ ఇవ్వొచ్చు, పల్లెల్లో అయితే పంచాయతీకి ఇచ్చిన టెస్టు కిట్లతో ఫ్లోరైడ్ అక్కడికక్కడే చూస్తారు, మీ సచివాలయంలో అడగండి. శాంపిల్ ఇచ్చేటప్పుడు గాజు సీసా వద్దు, ఫ్లోరైడ్ గాజుతో కలుస్తది, శుభ్రమైన ప్లాస్టిక్ బాటిల్ లీటరుది తీసుకుని, అదే నీళ్ళతో రెండు మూడు సార్లు తొలిచి నింపండి. క్రిముల పరీక్షకి మాత్రం ల్యాబు వాళ్ళిచ్చే స్టెరిలైజ్ చేసిన సీసాలోనే పట్టాలి, కూల్‌డ్రింక్ బాటిల్లో పడితే రిపోర్టుకి అర్థం లేదు.

క్యాను నీళ్ళకి వద్దాం, ఎందుకంటే మనలో ఎక్కువమంది చివరికి తేలేది అక్కడే. మనం మినరల్ వాటర్ అని పిలుస్తాం గానీ చాలావాటిల్లో మినరల్ ఏమీ కలపరు, బోరు నీళ్ళని పెద్ద ఆర్వోలో పోసి ఉన్న లవణాలు తీసేస్తారు, అంతే. రెండు రకాలున్నాయి. ఒకటి సీలు వేసి, కంపెనీ పేరు, తయారీ తేదీ, పద్నాలుగంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు ఉన్న క్యాను, అది ఖరీదు. రెండోది వీధి చివర ప్లాంటులో నింపి ఆటోలో తెచ్చి గుమ్మంలో పెట్టే నీలం క్యాను, మా వైపు ఇంటికి తెచ్చి వేస్తే ఇరవై రూపాయలు అటూ ఇటూ, మనమే పోయి పట్టుకుంటే అందులో సగం కంటే తక్కువ. పల్లెల్లో పంచాయతీ ప్లాంట్లు, దాతలు పెట్టించిన ప్లాంట్లు ఇంకా చవక, 2014లో ఎన్టీఆర్ సుజల అని ప్రభుత్వం మొదలుపెట్టినప్పుడు 20 లీటర్లు 2 రూపాయలే.

ఈ రెండో రకంలో నీళ్ళ కంటే క్యాను మీద కన్నెయ్యండి. నీళ్ళు ప్లాంటులోంచి బాగానే వస్తాయి, ఆ క్యాను మాత్రం నిన్న ఏ ఇంట్లో, ఏ హోటల్లో, ఏ కన్‌స్ట్రక్షన్ దగ్గర ఉందో దేవుడికే తెలియాలి, దాన్ని లోపల ఎట్టా కడిగారు అనేది ఆ ప్లాంటు అతని మనస్సాక్షిని బట్టి ఉంటది. ఒకసారి ప్లాంటుకి పోయి చూడండి, ఎవరూ వద్దనరు. క్యానుని బ్రష్షు పెట్టి కడుగుతున్నారా లేక పైపైన రెండు చెంబులు పోసి ఊపి నింపేస్తున్నారా, నింపిన క్యాన్లు నీడలో ఉన్నాయా ఎండలో ఉన్నాయా. ఎండలో ఉంటే లోపల పచ్చగా పాకుడు పడతది, ప్లాస్టిక్ వాసన కూడా వస్తది. క్యాను వెలుతురుకి ఎత్తి చూసినప్పుడు అడుగున పచ్చగా కనిపిస్తే మొహమాటం లేకుండా తిప్పి పంపించండి. నన్నడిగితే మూతి వెడల్పుగా చెయ్యి పట్టే క్యాన్లు మీవే రెండు కొనుక్కుని, వాటి మీద పేరు రాసి, వాటిల్లోనే పోయించుకోవడం అన్నిటికంటే మేలు, వారానికొకసారి మీరే కడుక్కోవచ్చు. దాని కింద పెట్టే ట్యాపు స్టాండు కూడా కడగాలి, అది ఏడాది నించీ కడగని ఇళ్ళు నాకు తెలుసు, ఎవరివో చెప్పను.

ఇక ఆర్వో. లవణాలు, ఫ్లోరైడ్, నైట్రేటు, ఆర్సెనిక్ ఇట్టాంటివి తీసేదానికి ఇంట్లో పెట్టుకునే వాటిల్లో ఇదే గట్టిది, టీడీఎస్‌లో తొంభై శాతం దాకా తీసేస్తది. దాని ఖరీదు డబ్బులు ఒక్కటే కాదు, నీళ్ళు కూడా. ఒక లీటరు మంచినీళ్ళు ఇచ్చేదానికి రెండు మూడు లీటర్లు పక్క పైపులోంచి వదిలేస్తది, అంటే రోజుకి 20 లీటర్లు వాడే ఇంట్లో 40 నించి 60 లీటర్లు బయటికి. నాలుగు రోజులకొకసారి కుళాయి వచ్చే ఎండాకాలంలో, ట్యాంకరు కొనుక్కునే ఇంట్లో ఇది చిన్న విషయం కాదు. ఆ నీళ్ళు బకెట్లో పట్టి బాత్రూముకి, తడిగుడ్డ పెట్టేదానికి వాడుకోవచ్చు. కానీ ఫ్లోరైడ్ ఉన్న ఊళ్ళల్లో ఆ నీళ్ళు గేదెల కుడితిలో పోయొద్దు, మనం వద్దనుకున్న ఫ్లోరైడంతా అందులోనే చిక్కబడి ఉంటది, పశువులకి కూడా ఫ్లోరోసిస్ వస్తది.

సాగర్ నీళ్ళు వచ్చే ఇంటికి ఆర్వో ఎందుకు వద్దంటున్నానంటే, 2019లో పర్యావరణ కేసులు చూసే నేషనల్ గ్రీన్ ట్రిబ్యునలే చెప్పింది, టీడీఎస్ 500 కంటే తక్కువున్న చోట ఆర్వో వాడకాన్ని ఆపించమని పర్యావరణ శాఖకి. ఉన్న కాస్త కాల్షియం, మెగ్నీషియం తీసేసి, మూడు వంతుల నీళ్ళు పారబోసి, నెలనెలా సర్వీసు ఖర్చు పెట్టుకోవడం ఎందుకు. అట్టాంటి ఇంటికి యూవీ మిషను చాలు, అది అతినీలలోహిత వెలుగుతో క్రిములని చంపుతది, లవణాల జోలికి పోదు, నీళ్ళు వేస్టు కావు. నీళ్ళు తేటగా ఉంటేనే యూవీ పనిచేస్తది కాబట్టి ముందు మంచి ఫిల్టరు ఉండాలి, కరెంటు ఉండాలి. కరెంటు కోతలున్న చోట యూఎఫ్, అంటే అతి సన్నని రంధ్రాలతో వడగట్టే ఫిల్టరు, కరెంటు లేకుండానే పనిచేస్తది, పైన నీళ్ళు పోస్తే కిందకి దిగుతాయి, బ్యాక్టీరియాని ఆపుతది, వైరస్‌ల దగ్గర మాత్రం యూవీ అంత నమ్మకం లేదు.

ఆర్వో అమ్మేవాళ్ళు చేసే ఒక తమాషా మీ ఇంటికి కూడా వచ్చే ఉంటది. రెండు గ్లాసుల్లో మీ నీళ్ళు, వాళ్ళ ఆర్వో నీళ్ళు పోసి, కడ్డీలున్న చిన్న మిషను పెట్టి కరెంటు ఇస్తారు. మీ నీళ్ళు నిమిషంలో ఎర్రగా, నల్లగా, పేడనీళ్ళల్లే అయిపోతాయి, ఆర్వో నీళ్ళు అట్టాగే ఉంటాయి, చూశారామ్మా మీరు తాగేది ఇదీ అంటారు, ఇంట్లో ఆడవాళ్ళు హడలిపోతారు. ఆ రంగు మీ నీళ్ళల్లోది కాదు, ఆ కడ్డీల్లో ఒకటి ఇనుముది, కరెంటు పారితే ఆ ఇనుము కరిగి రంగొస్తది. ఆర్వో నీళ్ళల్లో లవణాలు లేవు కాబట్టి కరెంటు పారదు, రంగు రాదు, అంతే కిటుకు. ఈసారి వచ్చినప్పుడు వాళ్ళు తెచ్చిన ఆర్వో నీళ్ళల్లోనే చిటికెడు ఉప్పు వేసి మళ్ళీ పెట్టమనండి, అవి కూడా రంగు మారతాయి, వాళ్ళ మొహం కూడా.

ఆర్వో నిజంగా కావాల్సినవాళ్ళకి ఒక ముఖ్యమైన సంగతి. చాలా మిషన్లలో టీడీఎస్ కంట్రోలర్ అని చిన్న వాల్వు ఉంటది, ఆర్వో నీళ్ళు మరీ చప్పగా ఉంటున్నాయని దాని ద్వారా ఆర్వో చేయని నీళ్ళు కొన్ని కలుపుతారు, రుచి బాగుంటది. సాగర్ నీళ్ళకి పర్లేదు, ఫ్లోరైడ్ ఉన్న బోరుకి మాత్రం ఇది చేసిన పనినంతా చెడగొడతది, ఒక పక్క తీసేసి ఇంకో పక్క కలిపినట్టే గదా. కనిగిరి, పొదిలి వైపు మా చుట్టాల ఇళ్ళల్లో చాలా చోట్ల అది తెరిచే ఉంది, బిగించిన కుర్రాడికి తెలీదు, ఇంట్లోవాళ్ళకి అసలే తెలీదు. టెక్నీషియన్ వచ్చినప్పుడు దగ్గరుండి ఆ వాల్వు పూర్తిగా కట్టించండి, రుచి కావాలంటే మినరల్ కార్ట్రిడ్జి పెట్టించుకోండి, అది వేరు. ఆ తర్వాత మిషను లోంచి వచ్చిన నీళ్ళని కూడా ఒకసారి ల్యాబులో ఫ్లోరైడ్ చూపించుకోండి. ఇంకోటి, మీ బోరు టీడీఎస్ 2000 దాటితే మామూలు ఇంటి ఆర్వో మెంబ్రేన్ (లోపల లవణాలు ఆపే పొర) ఎక్కువ రోజులు తట్టుకోదు, కొత్తపట్నం వైపు వాళ్ళకి అందుకే క్యానే నయం. కాపరు, ఆల్కలైన్, జింకు అని డబ్బాల మీద రాసేవాటి జోలికి నేను పోను, వాటికి రెండు మూడు వేలు ఎక్కువ పెట్టడం దండగ. సాఫ్టనర్ అనేది అసలు తాగేనీళ్ళ మిషనే కాదు, గీజరు, ట్యాపుల మీద తెల్ల పొర పట్టకుండా పెట్టుకునేది, దాంతో టీడీఎస్ తగ్గదు, ఫ్లోరైడ్ పోదు, ఇది చెప్పకుండా అంటగట్టేవాళ్ళు ఉన్నారు.

ఖర్చు లెక్క వేద్దాం, రేట్లు అటూ ఇటూ ఉంటాయి, మీ వీధి రేటు వేసుకోండి. నలుగురున్న ఇంట్లో తాగేదానికీ వంటకీ కలిపి రోజుకి ఒక క్యాను, 20 రూపాయలు చొప్పున నెలకి 600, ఏడాదికి 7,200. తాగేదానికి మాత్రమే క్యాను, వంటకి కుళాయి అంటే రెండు రోజులకొకటి, 3,600. ఆర్వో మిషను 12,000 పెట్టి కొని ఆరేళ్ళు వాడారనుకుంటే ఏడాదికి 2,000, ఫిల్టర్లూ మెంబ్రేనూ సర్వీసూ కలిపి ఏడాదికి ఇంకో మూడున్నర వేలు, మొత్తం 5,500 దాకా. యూవీ అయితే ఇందులో సగం. అంటే ఇద్దరే ఉండే ఇంటికి, బాచిలర్లకి, ఏడాదిలో మళ్ళీ ఇల్లు మారేవాళ్ళకి క్యానే చవక, ఐదారుగురున్న ఇంటికి మిషను చవక, కుళాయి నీళ్ళు కాచుకుని తాగే పిన్ని వాళ్ళకి గ్యాసు ఖర్చు తప్ప ఏమీ లేదు. వంట సంగతి మర్చిపోతారు చాలామంది, ఫ్లోరైడ్ ఊళ్ళల్లో తాగేదానికి క్యాను తెచ్చుకుని అన్నం, పప్పు, టీ మాత్రం బోరు నీళ్ళతో వండితే ఫ్లోరైడ్ కడుపులోకి పోతూనే ఉంటది, అక్కడ వంటకి కూడా మంచినీళ్ళే.

మరి ఎవరికి ఏది అంటే, టౌన్లో కార్పొరేషన్ కుళాయి సొంతంగా ఉండి సంపులో బోరు కలవని ఇల్లయితే యూవీ పెట్టుకోండి లేదా కాచుకోండి, ఆర్వో డబ్బులు మిగుల్చుకోండి. అపార్టుమెంటులో రెండూ కలిసిపోతుంటే ఎండాకాలం రీడింగు చూడండి, 500 అటూ ఇటూ ఉంటే యూవీ, ఏడెనిమిదొందలు దాటి నోటికి తేడా తెలుస్తుంటే ఆర్వో. వీలైతే అసోసియేషన్ మీటింగులో కుళాయి నీళ్ళకి వేరే చిన్న సింటెక్సు ట్యాంకు, వేరే పైపు పెట్టమని అడగండి, ఒక్కసారి ఖర్చుతో అందరికీ ఆర్వో బాధ తప్పుతది, మీటింగులో ఎంతమంది ఒప్పుకుంటారనేది మాత్రం నేను చెప్పలేను. అద్దె ఇల్లయితే గోడకి కన్నాలు పెట్టనిచ్చే ఓనరో కాదో ముందు అడగండి, లేకపోతే టేబుల్ మీద పెట్టుకునే గ్రావిటీ ఫిల్టరు. పడమటి మండలాల్లో బోరు ఆధారమైతే రెండో ఆలోచన వద్దు, కంట్రోలరు కట్టేసిన ఆర్వో, లేదా నమ్మకమైన ప్లాంటు నీళ్ళు. అక్కడ మేడ మీద వాన నీళ్ళు పట్టుకోవడం కూడా మంచి దారే, వాన నీళ్ళల్లో ఫ్లోరైడ్ ఉండదు. వంద చదరపు మీటర్ల స్లాబు మీద ఒక సెంటీమీటరు వాన పడితే వెయ్యి లీటర్లు, కారిందీ ఆవిరైందీ పోను ఎనిమిదొందలన్నా వస్తాయి, మొదటి వాన మాత్రం మేడ కడిగేదానికి వదిలెయ్యాలి. నెల్లూరు టౌన్లో ఉండే మనవాళ్ళకి వచ్చేది పెన్న నీళ్ళు, వాళ్ళకి కూడా కుళాయి గురించి చెప్పిందే వర్తిస్తది.

కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు, డయాలసిస్ చేయించుకునేవాళ్ళు మాత్రం ఇక్కడ నేను చెప్పింది గానీ వీధిలో చెప్పింది గానీ పట్టుకోవద్దు, ఏ నీళ్ళు, ఎంత తాగాలి అనేది మీ డాక్టర్నే అడగండి.

ఏది పెట్టుకున్నా సంపు, పైన ట్యాంకు మూడు నెలలకొకసారి కడిగించండి, సంపు మూత సందుల్లోంచి వాననీళ్ళు దిగకుండా చూడండి, పోతురాజు కాలువ పొంగినప్పుడు పల్లపు వీధుల్లో సంపుల్లోకి ఏం చేరతదో వేరే చెప్పక్కర్లేదు. ఊరికి పోయేటప్పుడు ఆర్వో ట్యాంకు ఖాళీ చేసి పోండి, వచ్చాక మొదటి ట్యాంకు నీళ్ళు పారబోసి రెండోది తాగండి.

కుళాయిలో రంగు నీళ్ళో, వాసనో వచ్చిందంటే ముందు ఎడమింటివాళ్ళనీ కుడింటివాళ్ళనీ అడగండి. మీ ఒక్కరికే వస్తే తప్పు మీ సంపులోనో మీ పైపులోనో ఉంది, ప్లంబర్ని పిలవండి. వరసగా నాలుగైదు ఇళ్ళకి వస్తే లైను లీకయింది, అప్పుడు వార్డు సచివాలయంలో నీళ్ళ లైన్ల సంగతి చూసే ఎమినిటీస్ సెక్రటరీకి చెప్పాలి. ఒక్కళ్ళు పోతే రాసుకుని పంపించేస్తారు, అందుకే నాలుగిళ్ళవాళ్ళూ కలిసి, ఏ రోజు ఎన్నింటికి వచ్చాయో, ఎంతసేపు వచ్చాయో రాసి, తెల్ల సీసాలో ఆ నీళ్ళు పట్టుకుని పోండి. రెండు మూడు రోజుల్లో కదలిక లేకపోతే ప్రభుత్వ ఫిర్యాదుల నంబరు 1100కి ఫోన్ చేసి కంప్లైంటు నంబరు తీసుకోండి, దానికీ పని కాకపోతే సోమవారం కలెక్టరేట్లో గ్రీవెన్సు ఉంటది, అక్కడ ఇచ్చే అర్జీ మీద ఆ నంబరు వేయండి. లైను బాగుచేసేదాకా ఆ వీధిలో ఎవరూ కాచకుండా కుళాయి నీళ్ళు తాగొద్దు, యూవీ ఉన్నా సరే, బురద నీళ్ళల్లో దాని వెలుగు లోపలికి పోదు.